మూగదానిలో పసుపు దీపం

ఇది చిన్న కథ. చేతిలో ఉన్న వేడి సల్తేన్యా, అదే మాంసం రసం నింపిన కజ్జికాయ, చల్లారేలోపు అయిపోతుంది. దాన్ని మోచేతి దాకా రసం కారకుండా తినడం వచ్చినవాళ్ళకి ఇంకా ముందే అయిపోతుంది. అలా తినగలిగినవాళ్ళు కొచబాంబాలో ఉన్నారని అంటారు గానీ ఎవరూ చూడలేదు.

కథ ఒక విమానం గురించి. అక్కడి విమానాశ్రయంలో హ్యాంగరు దాటాక, పగుళ్ళలో గడ్డి మొలిచిన సిమెంటు మీద, ఒక పాత జెట్ నిలబడి ఉండేది. దాన్ని అందరూ మూగది అనేవాళ్ళు. చీకటి పడ్డాక దాని పక్కనుంచి ఎవరూ నడిచేవాళ్ళు కాదు. సామాను బండ్లు తోలేవాళ్ళు అటు వెళ్ళాల్సి వస్తే వంటశాల వైపు నుంచి చుట్టు తిరిగి పోయేవాళ్ళు. ఎందుకంత దూరం అంటే, "వంటశాలలో కాఫీ పోస్తారు" అనేవాళ్ళు. భయం అని మాత్రం ఒక్కడూ అనలేదు.

దానికి ఆ చెడ్డపేరు ఎలా వచ్చిందంటే... ఇక్కడ కథ కొంచెం పక్కకి పోతుంది.

కార్నివాల్ పండగ మంగళవారం నాడు ఊళ్ళో ఎవరికి ఏ బండి ఉంటే దానికి రంగు కాగితాలు చుట్టి, చక్రాల మీద బీరు పోసి, భూమితల్లి పచమామకి ఆమె వాటా ఆమెకి ఇస్తారు. లారీకి చేస్తారు, ఐస్‌క్రీం బండికి చేస్తారు, విమానానికీ చేస్తారు. ఆ జెట్ వచ్చిన ఏడాది మేనేజరు కొత్తవాడు, చదువుకున్నవాడు. విమానం దగ్గర మద్యమేమిటని చెప్పి చక్రాల మీద ఆరెంజ్ సోడా పోయించాడు. ఆ రాత్రి మేనేజరుకి కడుపు చెడింది, అది వేరే సంగతి. విమానంలో మాత్రం వెనక మరుగుదొడ్డి నుంచి గంట మోగడం మొదలైంది. వెళ్ళి చూస్తే లోపల ఎవరూ ఉండరు. పిలిస్తే పలకరు. మళ్ళీ గంట...

అందుకే మూగది.

లోపల ఉన్నది ఎవరు అన్న విషయంలో రెండు పక్షాలున్నాయి. మెకానిక్ దోన్ ఫెర్మిన్ లెక్క ప్రకారం, అది ఒక పైలట్ కోసం ఏడ్చి ఏడ్చి ప్రాణం తీసుకున్న హోస్టెస్. ఏ పైలట్ అంటే, ఆ వారం ఆయనకి ఎవరి మీద కోపం ఉంటే వాళ్ళ పేరు చెబుతాడు. గేటు దగ్గర సల్తేన్యాలు అమ్మే ఆవిడ మాత్రం వేరేలా చెబుతుంది. "విమానాన్ని పాతది కొన్నారు కదా. దెయ్యం దాంతోపాటే వచ్చింది. ఎక్కడో దూరదేశపు దెయ్యం. మన మాట దానికి రాదు పాపం, ఏమని పలుకుతుంది?"

చివరికి మూగది ఎగరడం మానేసింది. దెయ్యం వల్ల కాదు, ఇంజను వల్ల. అప్పట్నించి అలాంటిదే ఇంకో జెట్‌లో ఏది పాడైనా, ఫెర్మిన్ దీన్నుంచి పీకి దానికి పెట్టేవాడు.

ఇక డెల్మిరా సంగతి.

డెల్మిరా అరన్సిబియా ఆరేళ్ళు పంకాల విమానంలో హోస్టెస్‌గా పని చేసింది. చిన్న విమానం. ముందు వైపు తలుపు కిందికి వాలిస్తే అదే మెట్లవుతుంది. తీస్తే తెరుచుకుంటుంది, మూస్తే మూసుకుంటుంది, ఇంట్లో తలుపు లాంటిది. కార్నివాల్ అయ్యాక ఆ పంకాల విమానాలన్నీ అమ్మేస్తామని కంపెనీ చెప్పింది. జెట్ పరీక్ష గట్టెక్కినవాళ్ళు ఉంటారు. తప్పినవాళ్ళు యూనిఫాం అప్పగించి ఇంటికి పోతారు.

డెల్మిరాకి ఇంటికి పోయే వీలు లేదు. కియకోయోలో సగం కట్టిన ఇల్లు, ఇద్దరు పిల్లలు, ఒక మొగుడు. మొగుడు మంచివాడే. బ్యాండులో ట్రంపెట్ వాయిస్తాడు. అంటే ఏడాదికో నెల సంపాదిస్తాడు, మిగతా నెలలు సాధన చేస్తాడు.

జెట్ తలుపు అంత సులువు కాదు. దాని అడుగున ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. ఎగిరేముందు వంగి ఆ కడ్డీని నేలలోని కొక్కేల్లో బిగించాలి. బిగించి ఉండగా తలుపు తెరిస్తే, ప్రమాదంలో జనం దిగడానికి పెట్టిన రబ్బరు జారుడుబల్ల బుస్సుమని గాలి నింపుకుని బయటికి దూకుతుంది. మామూలు రోజుల్లో ముందు కడ్డీ విప్పాలి, ఆ తర్వాతే పిడి తిప్పాలి. మరిచిపోయి జారుడుబల్లని బయటికి వదిలినవాళ్ళు ఆ సాయంత్రమే ఉద్యోగం వదులుతారు. దాన్ని మళ్ళీ మడత పెట్టించాలంటే వేరే దేశం పంపాలి మరి.

డెల్మిరా చేతులకి ఆరేళ్ళ అలవాటు. తలుపు కనపడగానే అవి నేరుగా పిడి మీదికే పోయేవి. తరగతిలో మూడుసార్లు తప్పు చేసింది. పరీక్ష మర్నాడు మధ్యాహ్నం. పరీక్ష పెట్టేది దోన్యా సెనాయిదా. అక్కడ పెద్దమనిషిని దోన్ అంటారు, పెద్దావిణ్ణి దోన్యా అంటారు.

దోన్యా సెనాయిదా తెర్రాసాస్ అంటే పైలట్లు కూడా చొక్కా గుండీలు సరిచూసుకునేవాళ్ళు. జెట్ మీద పరీక్ష పెట్టే హక్కు కంపెనీలో ఆమె ఒక్కతెకే ఉంది. ఆమె ఎవరినీ తిట్టదు. పిడి మీద చెయ్యి వేసిన ప్రతి పిల్లనీ వెనకనుంచి మెల్లగా ఒకటే అడుగుతుంది — "బయటికి చూశావా?" తెరిచే ముందు కిటికీలోంచి చూడాలి కదా, బయట మంట ఉందో, మనిషి ఉన్నాడో. ఆమె దగ్గర చదివిన పిల్లలు ఇంట్లో స్నానాలగది తలుపు దగ్గర కూడా ఒక్క క్షణం ఆగుతారని చెప్పుకుంటారు.

అందుకని ఆ సాయంత్రం డెల్మిరా ఒక్కతే సాధన చేద్దామని మూగది దగ్గరికి వెళ్ళింది. కాపలాదారు వాల్తర్ మెట్లబండి ఆనించి ఉంచాడు.

"పొద్దు వాలగానే దిగిపో అక్కా," అన్నాడు. "మెట్లబండి ఆ పక్క విమానానికి తీసుకుపోవాలి."

"దిగుతాలే."

"వెనక వైపుకి మాత్రం పోకు."

"నా పనే వెనక తలుపుతోరా."

వాల్తర్ జేబులోంచి నాలుగు కోకా ఆకులు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "అయితే ఇవి నములుతూ ఉండు. నోరు ఖాళీగా ఉంటే అది మాట్లాడిస్తుందంట."

"మూగది కదా... ఎలా మాట్లాడిస్తుంది?"

వాల్తర్ ఆ సంగతి అప్పటిదాకా ఆలోచించలేదు. ఆలోచిస్తూ టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

లోపల సగం సీట్లు లేవు. ముందు తలుపుకి లోపలి పిడి లేదు. దాన్ని ఫెర్మిన్ ఎప్పుడో పీకేశాడు, ఆ తలుపు బయటినుంచే తెరవాలి. మిగతా తలుపులన్నిటినీ వానకి తడవకుండా బయటినుంచి బిగించేశాడు. కాక్‌పిట్‌కి తాళం, తాళంచెవి ఆయన నడుముకి. సరిగ్గా ఉన్నది వెనక ఎడమవైపు తలుపు ఒక్కటే.

డెల్మిరా ఆ తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని కడ్డీ బిగించింది. విప్పింది. బిగించింది. విప్పింది. చేతులు మెల్లగా దారికొస్తున్నాయి. కిటికీల్లో వెలుతురు నారింజ రంగులోకి, ఆ పైన బూడిద రంగులోకి మారింది. ఆమె చూడలేదు.

వాల్తర్ తిరిగొచ్చాడు. మెట్లెక్కి ముందు తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపల చీకటి. ఎవరైనా ఉన్నారా అని అడగడం వాడి డ్యూటీ. అడిగాడు. కాకపోతే దెయ్యానికి వినపడకూడదని, గుసగుసగా అడిగాడు.

జవాబు రాలేదు. తలుపు మూసేశాడు.

ధడ్!

డెల్మిరా ఉలిక్కిపడి లేచింది. సీట్ల మధ్యనుంచి ముందుకి పరిగెత్తింది. కింద మెట్లబండి గురగురమంటూ దూరమైంది. ఆమె తలుపుని రెండు చేతులా బాదింది. పిడి ఉండాల్సిన చోట మూడు కన్నాలున్నాయి. వాటిల్లో వేలు పెట్టి కూడా చూసింది.

"వాల్తర్! ఒరేయ్ వాల్తర్!"

బయట తునారి కొండ మీదనుంచి దిగే గాలి. గాలి హోరులో ఆమె గొంతు ఆమెకే సరిగా వినపడలేదు.

ఫోను? చార్జింగు పెట్టి వచ్చింది, సిబ్బంది గదిలో.

సరే, భయపడాల్సిందేముంది, వెనక తలుపు ఉంది కదా అనుకుంది. కడ్డీ విప్పి, తలుపు తెరిచి, గట్టిగా అరిస్తే ఎవరో ఒకరు వస్తారు. చీకట్లో సీట్ల వీపులు తడుముకుంటూ వెనక్కి వచ్చింది. వంగింది. కడ్డీ పట్టుకుని లాగింది.

కుడివైపు కొక్కెం వదిలింది. ఎడమది వదల్లేదు.

మళ్ళీ లాగింది. కాలు తన్నిపెట్టి లాగింది. గోరు విరిగింది. కడ్డీ కదల్లేదు. ధడ్ మన్నప్పుడు ఉలిక్కిపడి వంకరగా తోసేసినట్టుంది — ఆ కొక్కెంలో అది మేకులా దిగిపోయింది.

అప్పుడు గానీ తన పరిస్థితి ఆమెకి పూర్తిగా అర్థం కాలేదు. పిడి తిప్పొచ్చు. తలుపు తెరుచుకుంటుంది. జారుడుబల్ల దూకుతుంది. దాని మీద జారి బయటపడొచ్చు — విమానంలోంచీ, ఉద్యోగంలోంచీ కూడా. లేదంటే పొద్దున్నే ఫెర్మిన్ వచ్చేదాకా ఇక్కడే కూర్చోవాలి.

ఆమె కూర్చుంది. మోకాళ్ళు చుట్టుకుని, వీపు తలుపుకి ఆనించి. ఒక్క రాత్రే కదా... కళ్ళు మూసుకుంటే అయిపోతుంది.

టింగ్.

డెల్మిరా కళ్ళు తెరిచింది.

పంకాల విమానంలో ఒకటే గంట, ఎవరు పిలిచినా అదే. జెట్‌లో అలా కాదు, గంటతో పాటు పైకప్పులో దీపం వెలుగుతుంది. నీలం అయితే ప్రయాణికుడు. గులాబీ అయితే సిబ్బంది. ఆమె మెల్లగా తల ఎత్తింది.

పసుపు. పసుపు అంటే మరుగుదొడ్డి.

ఆ పసుపు వెలుతురులో మరుగుదొడ్డి తలుపు కనిపించింది. ఆమె కూర్చున్న చోటికి చెయ్యి చాపితే అందేంత దూరం. గడియ పక్కనుండే చిన్న గుర్తు, లోపల ఎవరూ లేకపోతే పచ్చగా ఉండాలి.

ఎర్రగా ఉంది.

టింగ్.

ఇంజను లేదు. కరెంటు లేదు. ఈ విమానంలో దీపం వెలగడానికి ఏ దారీ లేదని ఆమె తనకి తాను చెప్పుకుంది. దీపం వినిపించుకోలేదు.

"ఎవరు?" అంది. "ఎవరది..?"

జవాబు లేదు. కానీ లోపల ఏదో కదిలింది. బట్ట గోడకి రాసుకున్న చప్పుడు. ఆ తర్వాత — కొట్టిన చప్పుడు. లోపలినుంచి. ఒకసారి.

లోపల గడియ పడి ఉన్నా మరుగుదొడ్డి తలుపుని బయటినుంచి తీయొచ్చు. విమానంలో పనిచేసే అందరికీ తెలుసు. గుర్తు పైనున్న చిన్న రేకుపలక ఎత్తి, కింద ఉన్న మేకుని వేలితో జరిపితే చాలు. లోపల ఎవరైనా స్పృహ తప్పితే తీయడానికి పెట్టిన ఏర్పాటు అది. డెల్మిరాకి అది తెలుసు. ఆ క్షణాన తెలియకపోతే బాగుండేది అనిపించింది.

"పచమామ మీద ఒట్టు, నేను నీ జోలికి రాను," అంది. "నువ్వు... నువ్వు బతికున్న మనిషివా? అయితే ఒకసారి కొట్టు."

లోపల నిశ్శబ్దం. చాలాసేపు నిశ్శబ్దం. లోపలున్నది ఎవరో గానీ ఆ ప్రశ్న గురించి బాగా ఆలోచిస్తున్నట్టుంది.

ఆ తర్వాత, చాలా మెల్లగా, ఒక్క చప్పుడు.

"మరి మాట్లాడవేం? పేరు చెప్పు!"

ఏమీ లేదు. గాలి. దీపం. ఎర్ర గుర్తు. బతికున్న మనిషైతే పేరు చెప్పదా? బతికున్న మనిషైతే చీకటి పడ్డాక అక్కడ ఏం చేస్తుంది?

తలుపు గడియ లోపలినుంచి టకటకమని ఊగింది. ఆగింది. మళ్ళీ ఊగింది — ఈసారి కోపంగా.

ఇక చాలనుకుంది డెల్మిరా. ఇల్లు సగం కట్టినదే ఉండనీ. మొగుడు పన్నెండు నెలలూ ట్రంపెట్ వాయించుకోనీ. ఆమె లేచింది. వెనక తలుపు పిడి రెండు చేతులా పట్టుకుంది. కాలు ఎడంగా పెట్టింది. తిప్పబోయింది, పిడి కిర్రుమంది —

"బయటికి చూశావా?"

మరుగుదొడ్డిలోంచి వచ్చింది ఆ మాట. మెల్లగా. వెనకనుంచి.

డెల్మిరా చేతులు పిడి మీద బిగుసుకుపోయాయి. ఆ గొంతు ఎవరిదో కంపెనీలో నిన్న చేరిన పిల్లలకి కూడా తెలుసు.

"దోన్యా సెనాయిదా..?" అంది. "అయ్యో... ఎప్పుడు పోయారు మీరు?"

"ఇంకా పోలేదు," అంది గొంతు. "ముందు బయటికి చూడు."

అలవాటు చెడ్డది. డెల్మిరా పిడి వదిలి కిటికీకి మొహం ఆనించింది.

సరిగ్గా తలుపు కింద, జారుడుబల్ల దూకితే పడే చోట, బోర్లించిన పెట్టె మీద వాల్తర్ కూర్చుని ఉన్నాడు. విమానానికి వీపు తిప్పి, టార్చి పక్కన పెట్టుకుని, మొక్కజొన్న పొత్తుకి జున్నుముక్క నంజుకుంటూ తింటున్నాడు. ఆ చుట్టుపక్కల గాలి తగలని చోటు అదొక్కటే. దెయ్యం ఉండేది లోపల కదా, కింద కాదు కదా అని వాడి లెక్క.

డెల్మిరా కిటికీ అద్దాన్ని రెండు చేతులా బాదింది. "వాల్తర్! నేనురా!"

వాల్తర్ నమలడం ఆపాడు. మెల్లగా తల తిప్పి పైకి చూశాడు. ఎన్నేళ్ళుగానో ఖాళీగా ఉన్న విమానం. వెనక కిటికీలో పసుపు వెలుతురు. ఆ వెలుతురులో జుట్టు విరబోసుకుని, నోరు పెద్దగా తెరిచి, అద్దం కొడుతున్న తెల్లటి ఆడమొహం.

పొత్తు అక్కడే పడింది. టార్చి అక్కడే దొర్లింది. వాల్తర్ మాత్రం అక్కడ లేడు. కంచె దూకి పోయాడని తర్వాత తెలిసింది, గేటు తెరిచే ఉన్నా సరే.

"ఏమైంది?" అంది మరుగుదొడ్డి.

"పారిపోయాడు."

"పిడి తిప్పి ఉంటే చచ్చి ఉండేవాడు."

"అవును దోన్యా."

డెల్మిరా పిడికి దూరంగా ఒక అడుగు జరిగింది.

"అమ్మాయ్," అంది మరుగుదొడ్డి, ఈసారి కొంచెం తగ్గి. "గడియ పట్టేసింది. పలక ఎత్తి తీస్తావా?"

డెల్మిరా పలక ఎత్తింది. మేకు జరిపింది. తలుపు మడతపడి తెరుచుకుంది. లోపల, మూత మీద, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, ఇస్త్రీ చెడని కోటుతో దోన్యా సెనాయిదా కూర్చుని ఉంది. వైద్యుడి గది బయట తన వంతు కోసం ఎదురు చూస్తున్న మనిషిలా ఉంది.

"మీరిక్కడ..."

"ఫోను టార్చిలా వాడాను. చచ్చిపోయింది," అంది సెనాయిదా, అడిగింది అదే అయినట్టు.

ఆ రాత్రి చలి ఎముకల్లోకి దిగింది. ఇద్దరూ మిగిలిన సీట్ల కవర్లు విప్పి భుజాల చుట్టూ కప్పుకుని, నేల మీద పక్కపక్కన కూర్చున్నారు. పసుపు దీపం ఆరిపోయాక ఒకరి మొహం ఒకరికి కనపడలేదు. అదే మంచిదైంది. కనపడితే సెనాయిదా నోరు విప్పేది కాదు.

"నువ్వొచ్చిన అలికిడి విని లోపల దాక్కున్నాను," అంది.

"నన్ను చూసా? మీరా?"

"రేపు పరీక్షకి రాబోయే పిల్ల నన్నిక్కడ చూడకూడదు కదా. నువ్వు పోయాక బయటికొద్దామనుకున్నా. నువ్వు పోలేదు. గడియ పట్టేసింది. ఆ తర్వాత వాడు తలుపు మూశాడు."

"మరి పిలవొచ్చు కదా దోన్యా! గంట కొట్టారు, తలుపు కొట్టారు. నా ప్రాణాలు పోయాయి."

"గంట విని నువ్వే తలుపు తీస్తావనుకున్నాను. గొంతు వినిపిస్తే నేనని తెలిసిపోతుంది."

"తలుపు తీసినా తెలిసేది కదా!"

సెనాయిదా సీటు కవరు మెడదాకా లాక్కుంది. వేరే మాట ఎత్తుకుంది.

"నేను పెద్ద విమానాల్లో పెరిగినదాన్ని. ఇరవై ఏళ్ళు సముద్రాలు దాటే వాటిల్లో చేశాను. వాటికి కడ్డీ ఉండదు, చిన్న మీట ఉంటుంది. ఈ జెట్‌లు వచ్చినప్పుడు, సీనియర్ని కదా అని, పరీక్ష పెట్టే పని నాకిచ్చారు. వద్దనడానికి మొహం చెల్లలేదు. కాగితం మీద చదివాను, సంతకం పెట్టాను. ఈ కడ్డీ నా చేతికి ఇంతవరకూ లొంగలేదు. పరీక్షలో పిల్లలు వంగినప్పుడు నేను కిటికీ వైపు చూస్తుంటాను. అందుకే అస్తమానం ఆ కిటికీ ప్రశ్నే అడిగేది. నాకు నిజంగా తెలిసింది అదొక్కటే."

డెల్మిరా తన సీటు కవరు అంచు ఆమె మోకాళ్ళ మీదికి జరిపింది.

"ప్రతి పరీక్షకి ముందురోజు సాయంత్రం ఇక్కడికొస్తాను. మెట్లబండి ఉండగా, వాల్తర్ ఒక టీకి పోయినప్పుడు ఎక్కుతాను, వాడు ఇంకో టీకి పోయినప్పుడు దిగుతాను."

అంటే మూగదాని చెడ్డపేరులో సగం ఆమెదే. మిగతా సగం ఆరెంజ్ సోడాదని ఇప్పటికీ కొందరు వాదిస్తారు.

"అడగవేం?" అంది సెనాయిదా ఉన్నట్టుండి.

"ఏమని?"

"నన్ను పాస్ చెయ్యమని. ఇప్పుడు నా సంగతి నీ చేతిలో ఉంది."

డెల్మిరా విరిగిన గోరుని నోట్లో పెట్టుకుంది. సగం కట్టిన ఇల్లు గుర్తొచ్చింది. కప్పు లేని గది, ఆ గదిలో పిల్లల మంచం.

"అడిగితే మీరు చేసేస్తారు," అంది. "తర్వాత ఎప్పుడో నిజంగా మంటలొచ్చిన రోజు నా చేతులు పిడి మీదికే పోతే..? అడగను దోన్యా. కానీ అడగాలని మాత్రం చాలా ఉంది."

"ఊఁ," అంది సెనాయిదా. "సరే. వంగు. ఆ కొక్కెం ఎలా పట్టిందో చూపించు."

ఇద్దరూ చీకట్లో, సీట్ల కవర్లు కప్పుకుని, ఆ కడ్డీతో రాత్రంతా పెనుగులాడారు. అది రాలేదు.

పొద్దున్నే ఫెర్మిన్ నిచ్చెన వేసుకుని ముందు తలుపు తెరిచాడు. గళ్ళ గుడ్డలు కప్పుకుని, సీట్ల మధ్య నేల మీద, ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి ఉన్న రెండు ఆకారాలు కనిపించాయి. పనిముట్ల పెట్టె ఆయన కాలి మీద పడింది. శిలువ గుర్తు వేసుకుంటుంటే ఒక ఆకారం కళ్ళు తెరిచింది.

"నిన్న విమానం బ్యాటరీ ఆపకుండా ఇంటికి పోయావు," అంది ఆకారం.

ఆ గొంతు విన్నాక ఫెర్మిన్‌కి దెయ్యమైతేనే నయమనిపించింది.

మధ్యాహ్నం పరీక్ష జరిగింది, ఎగిరే జెట్‌లో. డెల్మిరా నిద్రలేని కళ్ళతో వంగింది. కడ్డీ బిగించింది. విప్పింది. లేచింది. కిటికీలోంచి చూసింది. ఆ తర్వాతే పిడి ముట్టుకుంది. ఈసారి సెనాయిదా కిటికీ వైపు చూడలేదు. ఆమె చేతుల్నే చూసింది, మొదటినుంచి చివరిదాకా. పాస్ అని చెప్పింది. డెల్మిరా ఏడ్చింది. అక్కడితో అందరూ టీకి పోయారు.

సెనాయిదా టీకి పోలేదు. మేడమీదున్న ఆఫీసుకి వెళ్ళి, జెట్ తలుపు తనకి రాదని, పరీక్ష పెట్టే అర్హత తనకెప్పుడూ లేదని చెప్పింది. ఆ పిల్ల పాసయింది నిజం, కానీ పాసని చెప్పింది నేను కనక ఇంకెవరితోనైనా మళ్ళీ చూపించండి అంది. మేనేజరు కుర్చీలోంచి లేచి తలుపు వేసి వచ్చి, మళ్ళీ చెప్పమన్నాడు. ఆమె మళ్ళీ చెప్పింది.

పరీక్ష పెట్టినామెకి అర్హత లేదు గనక డెల్మిరా పరీక్ష చెల్లదన్నారు. ఆ లెక్కన అంతకుముందు ఆమె పాస్ చేసినవాళ్ళ పరీక్షలూ చెల్లవన్నారు. అంటే జెట్‌లో పనిచేయడానికి కంపెనీలో ఒక్క మనిషీ మిగల్లేదు. జెట్ వెళ్ళి మూగది పక్కన నిలబడింది. వేరే దారి లేక, అమ్మేద్దామనుకున్న పంకాల విమానాల్నే మళ్ళీ తుడిచి బయటికి తీశారు.

వాల్తర్ ఒరూరోలో వాళ్ళమ్మ దగ్గరున్నాడని తెలిసింది. లోపల ఉన్నది డెల్మిరక్క అని చెబితే, "అయ్యో, అక్క కూడా పోయిందా" అని ఏడ్చాడట.

పంకాల విమానాల్లో అందరికన్నా సీనియర్ డెల్మిరా. ఆమెకి పెద్ద పోస్టు ఇచ్చారు. ఇంటికి కప్పు పడింది. దోన్యా సెనాయిదా ఉద్యోగం మానలేదు. కొత్తగా చేరిన పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని, పంకాల విమానం పని మొదటినుంచి నేర్చుకుంది.

ఆమెకి పరీక్ష పెట్టింది డెల్మిరా. ఇరవై ఏళ్ళ అలవాటుకొద్దీ ఆమె చేతులు ఆ తలుపుకి లేని మీట కోసం వెతికాయి. సెనాయిదా తప్పింది.